పొగ, వేపరైజర్, గమ్మీ, నూనె: గంజాయి తీసుకునే పద్ధతుల మధ్య అసలు తేడా ఎక్కడ?

నిర్వాహకులు (పైన అతికించిన పోస్టు)

ఈ థ్రెడ్ కెనడాలో, చట్టప్రకారం కొనే వయసు దాటినవాళ్ల కోసం. ఆల్బర్టాలో 18, క్యూబెక్‌లో 21, మిగతా చోట్ల 19. లైసెన్స్ లేని సరుకు గురించి, ఇండియాలో ఎక్కడ దొరుకుతుందనే దాని గురించి పోస్టులు పెడితే తీసేస్తాం. "నాకు ఇలా అయింది" కథలు వద్దు, తెలిసిన విషయం రాయండి.

#1 మిసిసాగా_మామిడి

షాపులో ఎండు పువ్వు, చుట్టిన సిగరెట్లు, వేప్ కార్ట్రిడ్జ్‌లు, గమ్మీలు, డ్రింకులు, నూనె సీసాలు, క్యాప్సూల్స్ అన్నీ ఉన్నాయి. ప్రతిదాని మీదా టీహెచ్‌సీ (గంజాయిలో మత్తిచ్చే పదార్థం) అంకె ఉంది, కానీ ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం ఎలాగో అర్థం కావట్లేదు. 10 మి.గ్రా. గమ్మీ ఎక్కువా, 20 శాతం పువ్వు ఎక్కువా? ఊపిరితిత్తులకి ఏది తక్కువ చేటు? ఇంకో ప్రశ్న కూడా. 60 దాటిన పెద్దవాళ్లు నిద్ర కోసమని అడిగితే ఏం చెప్పాలి?

#2 ఫార్మసీ_కౌంటర్

లేబుల్ మీద అంకె ప్యాకెట్‌లో ఎంత ఉందో చెబుతుంది. రక్తంలోకి ఎంత చేరుతుందో చెప్పదు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

లెక్క వేద్దాం. 0.3 గ్రాముల సిగరెట్, 20 శాతం టీహెచ్‌సీ. కాగితం మీద 60 మి.గ్రా. కాలేటప్పుడు కొంత వేడికే నాశనమవుతుంది, కొంత సిగరెట్ కొస నుంచి గాల్లోకి పోతుంది, కొంత లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. రక్తంలోకి చేరేది మామూలుగా 10 నుంచి 35 శాతం, అంటే 6 నుంచి 21 మి.గ్రా. ఒకే సిగరెట్‌ని ఇద్దరు పంచుకున్నా ఎంత లోతుగా, ఎన్ని సార్లు పీల్చారన్నదాన్ని బట్టి ఇద్దరికీ తేడా వస్తుంది.

10 మి.గ్రా. గమ్మీ తింటే కడుపు, పేగులు, కాలేయం దాటాక టీహెచ్‌సీగా రక్తంలో మిగిలేది 4 నుంచి 12 శాతమే. అంటే ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. "అయితే గమ్మీ బలహీనమే కదా" అనుకునే చోటే దెబ్బ తింటారు. కాలేయం టీహెచ్‌సీలో ఒక భాగాన్ని 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మారుస్తుంది. అదీ మెదడు మీద గట్టిగానే పనిచేస్తుంది. పొగ తాగినప్పుడు ఇది కొద్దిగానే తయారవుతుంది, తిన్నప్పుడు బాగా ఎక్కువ. అందుకే మిల్లీగ్రాములు పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

పోల్చాల్సింది సమయాన్ని. పొగ, ఆవిరి అయితే క్షణాల నుంచి కొన్ని నిమిషాల్లో తెలుస్తుంది, అరగంటలోపు శిఖరానికి చేరుతుంది, 6 గంటల దాకా ఉండొచ్చు. తింటే తెలియడానికి అరగంట నుంచి 2 గంటలు, పూర్తిగా ఎక్కడానికి 4 గంటల దాకా, మొత్తం 12 గంటల దాకా. రెండిటిలోనూ మగత, మందకొడితనం 24 గంటల వరకు మిగలొచ్చు.

దీన్నిబట్టి ఏ పద్ధతిలో మోతాదు చేతిలో ఉంటుందో తెలిసిపోతుంది. ఒక్క దమ్ము పీల్చి 15 నిమిషాలు ఆగితే ఒంట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది, చాలనిపిస్తే ఆపొచ్చు. గమ్మీ మింగాక ఆపేదేమీ లేదు. "ఇంకా ఎక్కలేదు" అని గంటకే రెండోది వేసుకోవడం, మూడో గంటలో రెండూ కలిసి ఎక్కడం. గమ్మీలతో ఆస్పత్రికి వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది కథ ఇదే.

కెనడాలో తినే సరుకు ఒక ప్యాకెట్‌కి 10 మి.గ్రా. మించకూడదు. కాలిఫోర్నియా, కొలరాడోల్లో ఒక వడ్డింపే 10 మి.గ్రా., ప్యాకెట్ 100 మి.గ్రా. దాకా. అక్కడి వీడియో చూసి "ఒక ప్యాకెట్" అనే కొలత ఇక్కడికి తెచ్చుకున్నా, ఇక్కడిది అక్కడికి తీసుకెళ్లినా పదింతల తేడా పడుతుంది. కొత్తవాళ్లకి తినే దాంట్లో 2.5 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టమని హెల్త్ కెనడా చెబుతుంది. 10 మి.గ్రా. గమ్మీ ఒకటే ఉంటే కత్తితో నాలుగు ముక్కలు చేయడమే.

#3 వేడి_నియంత్రణ

ఊపిరితిత్తుల ప్రశ్నకి నేను జవాబిస్తాను. ఎండు పువ్వుని కాల్చకుండా వేడిచేసే వేపరైజర్‌ని, నూనె కార్ట్రిడ్జ్‌ని రెంటినీ జనం "వేప్" అనే అంటారు. రెండూ వేర్వేరు వస్తువులు, వాటి ప్రమాదాలూ వేరే.

సిగరెట్ కొస దమ్ము లాగినప్పుడు 600 డిగ్రీలు దాటుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టేది ఆ కాలడంలోనే. ఎండు పువ్వు వేపరైజర్ 180 నుంచి 210 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. టీహెచ్‌సీ ఆవిరవుతుంది, ఆకు నల్లబడదు. ఒకే పువ్వుని పొగగానూ, వేపరైజర్‌తోనూ పీల్పించి పోల్చిన పరీక్షల్లో రక్తంలో టీహెచ్‌సీ దాదాపు సమానంగా ఉండి, వదిలిన ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వేపరైజర్ వాళ్లకి బాగా తక్కువగా కనిపించింది. చేటు అస్సలు లేదని దీనర్థం కాదు. వేడి ఆవిరికీ గొంతు, శ్వాసనాళాలు మండుతాయి.

వాడే తీరు ఇది. గ్రైండర్‌లో మధ్యస్థంగా పొడి చేయాలి, పిండిలా చేస్తే జాలీలోంచి నోట్లోకి వస్తుంది. వేపరైజర్‌లో పొడి నింపే చిన్న గదికి 0.1 నుంచి 0.15 గ్రాములు చాలు. గదిగోడే వేడెక్కే రకమైతే పొడిని కాస్త అదిమి, మధ్యలో ఒకసారి కలపాలి. లేకపోతే గోడ పక్కది గోధుమరంగులోకి మారి, మధ్యలోది పచ్చగానే ఉండిపోతుంది. వేడి గాలి లోపల నుంచి వెళ్లే రకమైతే వదులుగా నింపాలి. అదిమితే గాలి ఆడదు, ఆవిరి రాదు, జనం మెషిన్ పాడైందనుకుని వేడి పెంచేస్తారు.

185 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా, పది సెకన్ల పాటు లాగండి. గట్టిగా లాగితే గది చల్లబడిపోతుంది. 195, 200 దాకా పెంచొచ్చు. 210 దాటాక వేయించిన మొక్కజొన్న వాసన వచ్చి గొంతు గీరుకుంటుంది, 230 చుట్టుపక్కల కాలడం మొదలవుతుంది. అప్పుడు వేపరైజర్ కొన్న ప్రయోజనమే పోతుంది.

ఆవిరి పలచబడితే ముందు జాలీ చూడండి. జిగురు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. జాలీ, నోటి గొట్టం విప్పి 91 లేదా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అరగంట నానబెట్టి, వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. హీటర్ ఉన్న భాగాన్ని ద్రవంలో ముంచొద్దు, దూదిపుల్లతో తుడవండి. ఆల్కహాల్ ఆరకముందే ఆన్ చేయడం మంటకి దారి.

గదిలో మిగిలిన గోధుమరంగు పొడిని చెత్తలా తీసిపారేయొద్దు. అందులో ఇంకా టీహెచ్‌సీ ఉంటుంది, పైగా వేడెక్కి ఉంది కాబట్టి అలాగే తిన్నా పనిచేస్తుంది. పిల్లలున్న ఇంట్లో, కుక్క ఉన్న ఇంట్లో మామూలు చెత్తబుట్టలో వేయకూడదు.

#4 తూర్పుగట్టు

మరి నీళ్ల గొట్టం సంగతి? పొగ నీళ్లలోంచి వస్తుంది కాబట్టి వడపోత జరుగుతుందని అందరూ అంటారు. అలాగే పొగని లోపల బిగబట్టి ఉంచితే ఎక్కువ ఎక్కుతుందని కూడా.

#5 వేడి_నియంత్రణ

నీళ్లు పొగని చల్లబరుస్తాయి, బూడిద ఆపుతాయి. తారుని ఎంత పట్టుకుంటాయో టీహెచ్‌సీనీ దాదాపు అంతే పట్టుకుంటాయి. దాంతో అంతే మత్తు కోసం ఇంకొంచెం ఎక్కువ తాగాల్సి వస్తుంది, లాభం చెల్లిపోతుంది. పైగా చల్లగా ఉండటంతో ఒక్క దమ్ములో చాలా పొగ లాగేస్తారు. నీళ్లు రోజూ మార్చకపోతే ఆ గొట్టంలో బూజు పెరుగుతుంది.

బిగబట్టడం వల్ల ఒరిగేది తారు మాత్రమే. టీహెచ్‌సీ చాలావరకు మొదటి కొన్ని సెకన్లలోనే ఊపిరితిత్తుల గోడ దాటేస్తుంది. పదిహేను సెకన్లు ఆపినప్పుడు వచ్చే తల తిరుగుడు చాలావరకు ఆక్సిజన్ తగ్గడం వల్ల.

పొగాకు కలిపి చుట్టడం గురించి కూడా చెప్పాలి. మనవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ, చిలుంలో అయినా సిగరెట్‌లో అయినా. నికోటిన్ అలవాటు వేగంగా పట్టుకుంటుంది. తర్వాత "గంజాయి మానలేకపోతున్నా" అనేవాళ్లలో కొందరిని నిజంగా పట్టి ఉంచేది పొగాకే. పొగ తప్పదనుకుంటే పొగాకు లేకుండా, టీహెచ్‌సీ తక్కువున్న పువ్వుతో చుట్టుకోవడం మేలు. 10 శాతం లోపు, అంటే లేబుల్ మీద గ్రాముకి 100 మి.గ్రా. లోపు.

#6 సన్నజాజి

ఇంట్లో వండుకునేవాళ్ల కోసం కొలతలు రాస్తున్నాను. కెనడాలో సొంత వాడకానికి ఇంట్లో గంజాయి తిండి చేసుకోవచ్చు. బ్యూటేన్ లాంటి సేంద్రియ ద్రావకాలతో సారం తీయడం మాత్రం నేరం. చట్టం సంగతి అటుంచినా, ఆ వాయువు వంటగదిలో నిండి చిన్న నిప్పురవ్వకి పేలుతుంది. నెయ్యి చాలు.

పచ్చి మొక్కలో ఉండేది టీహెచ్‌సీ ఆమ్లం, అది మత్తివ్వదు. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదిలి టీహెచ్‌సీగా మారుతుంది. పొడి చేసిన పువ్వుని ఓవెన్ పళ్లెంలో పలచగా పరిచి, రేకుతో కప్పి, 110 నుంచి 115 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాలి. ఇంటి ఓవెన్ ముల్లు చూపించే వేడికీ, లోపలి వేడికీ 10, 15 డిగ్రీల తేడా మామూలే. కాబట్టి లోపల ఒక ఓవెన్ థర్మామీటర్ పెట్టండి. 150 దాటితే తయారైన టీహెచ్‌సీయే పాడైపోతుంది.

తర్వాత నెయ్యిలో. గిన్నెలో గిన్నె పెట్టి, కింద నీళ్లు మరుగుతూ ఉంటే పై గిన్నెలో నెయ్యి 80, 90 డిగ్రీల దగ్గర రెండు గంటలు. కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి నెయ్యి చక్కగా పట్టుకుంటుంది. సన్నటి గుడ్డలో వడకట్టండి, గట్టిగా పిండొద్దు. పిండితే ఆకు చేదంతా దిగుతుంది.

ఇక లెక్క. కెనడా లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి "టీహెచ్‌సీ", రెండోది "మొత్తం టీహెచ్‌సీ". రెండోది వేడిచేశాక వచ్చేది. ఆమ్లం నుంచి టీహెచ్‌సీకి మార్చే 0.877 గుణకం అందులో ముందే కలిసి ఉంది. మళ్లీ గుణిస్తే తక్కువ చూపిస్తుంది, మోతాదు పెరిగిపోతుంది.

గ్రాముకి 180 మి.గ్రా. ఉన్న పువ్వు 1 గ్రాము, 100 గ్రాముల నెయ్యి అనుకోండి. గ్రాము నెయ్యికి 1.8 మి.గ్రా. పడుతుంది. ఒక టీస్పూన్ నెయ్యి నాలుగున్నర గ్రాములు, అంటే 8 మి.గ్రా. 2.5 మి.గ్రా. కావాలంటే 1.4 గ్రాముల నెయ్యి చాలు. చెంచా కాదు, 0.1 గ్రాము చూపే తూకం కావాలి. వడకట్టడంలో, ఓవెన్‌లో కొంత పోతుంది నిజమే. కానీ ఎంత పోయిందో ఇంట్లో తేల్చలేం. అంతా మిగిలిందనే లెక్కతోనే తినాలి.

3.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం 100 గ్రాముల నెయ్యిలో వేస్తే చెంచాకి 28 మి.గ్రా. అవుతుంది. కొత్తవాళ్లకి చెప్పే మోతాదుకి పదింతలకు పైనే.

ఆ నెయ్యితో పోపు పెట్టకండి. ఆవాలు చిటపటలాడే వేడికి టీహెచ్‌సీ తగ్గిపోతుంది, ఎంత తగ్గిందో తెలియదు. ఇల్లంతా వాసన. దించాక గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపాలి.

#7 ఫార్మసీ_కౌంటర్

సన్నజాజి గారు చెప్పినదానికి ఒక చేర్పు. నెయ్యిలో టీహెచ్‌సీ సమంగా ఉంటుంది, వంటకంలో ఉండకపోవచ్చు. రవ్వ కేసరిలో చివర్లో నెయ్యి పోస్తే పైన తేలుతుంది, ఒక ముక్కలో 1 మి.గ్రా., పక్క ముక్కలో 6 రావొచ్చు. వంటకంలో కలపడం మానేసి, తూచిన నెయ్యిని విడిగా ఒక బ్రెడ్ ముక్క మీద తీసుకోవడమే కచ్చితం. ఇంకోటి, బాగా కొవ్వున్న భోజనంతో పాటు తింటే రక్తంలోకి ఎక్కువ చేరుతుంది, కానీ ఆలస్యంగా. ఖాళీ కడుపున తిన్న రోజుకీ, బిర్యానీ మీద తిన్న రోజుకీ అదే 2.5 మి.గ్రా. ఒకేలా ఉండదు.

#8 మిసిసాగా_మామిడి

నూనె సీసా నాలుక కింద వేసుకుంటే త్వరగా పనిచేస్తుందంటారు, నిజమేనా? అలాగే డ్రింకులు, ఒంటికి రాసుకునే క్రీములు?

#9 ఫార్మసీ_కౌంటర్

నూనె విషయంలో అది చాలావరకు కాగితం మీది మాటే. నూనె నాలుక కింది పొర దాటడం నిదానం, రెండు నిమిషాలు ఉంచినా ఎక్కువ భాగం లాలాజలంతో మింగేస్తారు. కాబట్టి గమ్మీ లెక్కే వేసుకోండి. ఆల్కహాల్‌తో చేసిన ద్రావణం ఆ పొర కొంత మెరుగ్గా దాటుతుంది. నాబిక్సిమోల్స్ అనే ప్రిస్క్రిప్షన్ స్ప్రేలో వాడేదీ ఆల్కహాలే. ఒక స్ప్రేకి 2.7 మి.గ్రా. టీహెచ్‌సీ, 2.5 మి.గ్రా. సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తివ్వని ఇంకో పదార్థం). మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల నొప్పికి కెనడా 2005లోనే దీనికి అనుమతిచ్చింది.

అయినా నూనె సీసాకి ఒక గొప్ప సుగుణం ఉంది, కొలత. మి.లీ.కి 25 మి.గ్రా. ఉన్న సీసా అయితే సిరంజి మీద 0.1 మి.లీ. గీత దగ్గర 2.5 మి.గ్రా. సగం గీత అయితే 1.25. గమ్మీ కోయడం కంటే నయం. వాడే ముందు సీసా కుదపండి.

డ్రింకుల్లో టీహెచ్‌సీని సూక్ష్మ బిందువులుగా చేసి నీళ్లలో కలుపుతారు. చాలామందికి 15 నుంచి 30 నిమిషాల్లో తెలుస్తుంది, త్వరగా దిగుతుంది కూడా. కానీ ఇది బ్రాండ్‌ని బట్టి మారుతుంది. సీసా సగం తాగి మూత పెట్టడం మర్చిపోకండి, ఇది దాహం తీర్చుకునే పానీయం కాదు.

మామూలు క్రీములు చర్మం దాటి రక్తంలోకి దాదాపు వెళ్లవు, మత్తు రాదు. అతికించే ప్యాచ్‌లు వేరే, అవి రక్తంలోకి పంపడానికే తయారైనవి. గంటల తరబడి నిదానంగా వదులుతాయి.

#10 తూర్పుగట్టు

కార్ట్రిడ్జ్‌ల గురించి ఎవరూ రాయలేదు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు పాడైన కేసులు వాటి వల్లే కదా?

#11 వేడి_నియంత్రణ

అవును. 2020 ఫిబ్రవరి నాటికి ఆస్పత్రి కేసులు, మరణాలు కలిపి 2,807 నమోదయ్యాయి, వాటిలో మరణాలు 68. ప్రధాన కారణంగా తేలింది విటమిన్ ఈ అసిటేట్. నూనె చిక్కగా కనిపించడానికి బయటి మార్కెట్ వాళ్లు కలిపినది. చర్మానికి రాసుకున్నా, మింగినా ఇబ్బంది పెట్టని పదార్థం ఊపిరితిత్తుల్లో పడితే ప్రాణం మీదికి తెచ్చింది. కెనడా లైసెన్స్ ఉన్న కార్ట్రిడ్జ్‌లలో దాన్ని వాడనివ్వరు. అందుకే లేబుల్ మీద ఎక్సైజ్ ముద్ర చూసి కొనండి.

కార్ట్రిడ్జ్‌లో నూనె 70 నుంచి 90 శాతం టీహెచ్‌సీ. రెండు సెకన్ల దమ్ముతోనే కొన్ని మిల్లీగ్రాములు పోతాయి. పువ్వు వాడినంత అలవాటుగా వరుసగా లాగితే తెలియకుండానే మోతాదు ఎక్కడికో పోతుంది. 510 మర (కార్ట్రిడ్జ్ బిగించే మామూలు సైజు) బ్యాటరీలకి వోల్టేజ్ మార్చే బటన్ ఉంటే 2.4 నుంచి 2.8 వోల్టుల మధ్య ఉంచండి. మాడిన రుచి వచ్చిందంటే కాయిల్ ఎండిపోయింది, ఆపేయాలి. చలికాలం కారులో వదిలేస్తే నూనె గడ్డకట్టి గాలి దారి మూసుకుంటుంది. గట్టిగా పీల్చకండి, చేతిలో పట్టుకుని వెచ్చబడనివ్వండి.

గాజు పళ్లెం మీద గాఢ సారాన్ని వేడిచేసి పీల్చే పద్ధతి కొత్తవాళ్లకి కాదు. బాగా ఎర్రగా కాల్చిన పళ్లెం మీద వేస్తే వాసనద్రవ్యాలు విరిగి బెంజీన్ లాంటివి పుడతాయి.

#12 లా_పాయింట్

పద్ధతి ఏదైనా చట్టం ఒకటే. బయట దగ్గర ఉంచుకోగలిగింది 30 గ్రాముల ఎండు పువ్వు, లేదా దానికి సమానం. ఒక గ్రాము ఎండు పువ్వుకి 15 గ్రాముల తినే సరుకు, 0.25 గ్రాముల గాఢ సారం సమానం.

డ్రైవింగ్ గురించి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. రక్తం మి.లీ.కి టీహెచ్‌సీ 2 నానోగ్రాములు, ఆపైన 5 లోపు ఉంటే 1,000 డాలర్ల దాకా జరిమానా. 5, ఆపైన అయితే మొదటిసారికే కనీసం 1,000 డాలర్లు. మద్యం కూడా ఉంటే 100 మి.లీ.కి 50 మి.గ్రా. మద్యం, 2.5 నానోగ్రాముల టీహెచ్‌సీ చాలు అదే శిక్షకి. ఆంటారియోలో జీ1, జీ2 (కొత్త డ్రైవర్ల) లైసెన్స్ వాళ్లకీ, 21 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లకీ సున్నా సహనం, అంటే అస్సలు ఉండకూడదు.

జరిమానాతో అయిపోదు. 2018 డిసెంబర్ 18 నుంచి మత్తులో డ్రైవింగ్‌కి గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. దాంతో అది ఇమిగ్రేషన్ చట్టంలో "తీవ్ర నేరం" కిందికి వచ్చింది. వాస్తవంగా వేసింది జరిమానాయే అయినా పీఆర్ (శాశ్వత నివాస) హోదాకే ముప్పు రావొచ్చు. స్టూడెంట్, వర్క్ పర్మిట్ వాళ్ల గురించి చెప్పనక్కర్లేదు.

సరిహద్దు దాటించడం ఏ దిక్కుకైనా నేరమే, మందుగా రాసిచ్చినా. అమెరికాలో హెచ్1బీ, గ్రీన్ కార్డు మీద ఉన్న బంధువులకి ఒక మాట. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించదు. 2019 ఏప్రిల్ నుంచి పౌరసత్వ శాఖ విధానంలో ఇది స్పష్టంగా రాసి ఉంది. రాష్ట్ర చట్టప్రకారం వాడినా, ఆ పరిశ్రమలో పనిచేసినా పౌరసత్వానికి కావలసిన "సత్ప్రవర్తన" మీద దెబ్బ పడొచ్చు. అధికారి అడిగినప్పుడు ఒప్పుకోవడమే చాలు, కేసు ఉండనక్కర్లేదు.

మూత్ర పరీక్ష చూసేది టీహెచ్‌సీ ఒంట్లో విరిగాక మిగిలే వ్యర్థాన్ని. పొగ తాగినా, తిన్నా తేడా లేదు. రోజూ వాడేవాళ్లలో మానేసిన వారాల తర్వాత కూడా కనిపిస్తుంది.

#13 తూర్పుగట్టు

ఇండియా వెళ్లేటప్పుడు గమ్మీలు సూట్‌కేస్‌లో పెట్టుకునేవాళ్లున్నారు, "చాక్లెట్లే కదా" అని. అక్కడ భాంగ్ షాపులు ఉన్నాయిగా అనే వాదన కూడా వింటుంటాం.

#14 లా_పాయింట్

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (ఇండియాలో మత్తుమందుల చట్టం) గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలని చెబుతుంది. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. భాంగ్ ఆకుతో చేసేది కాబట్టి దాన్ని రాష్ట్రాలకి వదిలేశారు, కొన్ని రాష్ట్రాలు లైసెన్స్ ఇస్తాయి. గమ్మీలో ఉండేది సారం. దానికి ఆ మినహాయింపు వర్తించదు. దిగుమతికి విడిగా సెక్షన్ 23 ఉంది. "కొద్ది మొత్తం" అంటే గంజాయికి 1 కిలో లోపు, చరస్‌కి (గంజాయి జిగురు) 100 గ్రాముల లోపు. అది శిక్ష తగ్గడానికి గీసిన గీత, అనుమతి కాదు. అందులోనూ ఏడాది దాకా కఠిన జైలు ఉంది.

వాడకం మానాలనుకునేవాళ్లకి అదే చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. కొద్ది మొత్తం కేసులో స్వచ్ఛందంగా చికిత్సకి వెళితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. ఊళ్లో తమ్ముడో, మేనల్లుడో ఇబ్బంది పడుతుంటే జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446.

#15 సన్నజాజి

భాంగ్ మీద వంట కోణంలో ఒక మాట. ఆకు నూరి, పాలు, బాదం, మిరియాలు, సోంపుతో మరిగిస్తారు. పాలు 100 డిగ్రీలు దాటవు, మరిగేదీ కాసేపే. ఆమ్లం కొంతే టీహెచ్‌సీగా మారుతుంది. ఎంత మారిందో ఆకుని బట్టి, మరిగించిన సమయాన్ని బట్టి, పాలలో కొవ్వుని బట్టి గ్లాసుకీ గ్లాసుకీ తేడా. చల్లగా, తియ్యగా ఉంటుంది కాబట్టి రెండో గ్లాసు వెంటనే వెళ్లిపోతుంది. హైదరాబాద్ శివార్లలో పోలీసులు పట్టుకుంటున్న "ఆయుర్వేద" చాక్లెట్లదీ అదే ప్రమాదం. అందులో ఎన్ని మిల్లీగ్రాములో తయారుచేసినవాడికే తెలియదు. మన ఏజెన్సీలో పండే శీలావతి రకం గంజాయి గురించి గొప్పలు చెప్పేవాళ్లకీ అదే జవాబు. ల్యాబ్ కొలత లేని సరుకు ఎంత పేరున్నదైనా ఎంత తీసుకుంటున్నారో తెలియకుండా తీసుకోవడమే.

#16 ఫార్మసీ_కౌంటర్

మామిడి గారి పెద్దవాళ్ల ప్రశ్న మిగిలిపోయింది. ముందు మందుల పెట్టె చూడండి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే డాక్టర్‌కి చెప్పకుండా వద్దు. రెండూ కాలేయంలో ఒకే ఎంజైమ్ దారిన పోతాయి, రక్తం మరీ పలచబడొచ్చు. బీపీ మందులు వాడేవాళ్లకి లేచి నిలబడగానే బీపీ పడిపోయి తూలుతారు. రాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ పడటం, తుంటి ఎముక విరగడం ఈ వయసులో నిజమైన ప్రమాదం. నిద్రమాత్రతో, మద్యంతో కలపకూడదు. గుండె రక్తనాళాల జబ్బు ఉంటే, ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే టీహెచ్‌సీ జోలికే వద్దు.

డాక్టర్ సరేనంటే నూనె, 1 నుంచి 1.25 మి.గ్రా., పడుకునే ముందు గంటా గంటన్నరకి. మూడు నాలుగు రోజులు అదే మోతాదు, ఆ తర్వాతే పెంచడం. ఇంట్లో ఇంకొకరు ఉన్న రాత్రే మొదలుపెట్టాలి. నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారి ఆపితే కొన్ని రాత్రులు నిద్ర పట్టదు, కలలు విపరీతంగా వస్తాయి. అది తెలియక "ఇది లేకపోతే నిద్రే రాదు" అని మళ్లీ మొదలుపెడతారు.

ఎవరికైనా ఎక్కువైతే గుండె దడ, వణుకు, చచ్చిపోతానేమో అనే భయం, వాంతులు. కూర్చోబెట్టి, వెలుతురు తగ్గించి, నీళ్లు కొద్దికొద్దిగా ఇచ్చి, పక్కనే ఉండి గడియారం చూపించి "ఇన్ని గంటలకి తగ్గుతుంది" అని చెప్పండి. నిద్రపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్స్ ఉంటే 911. పసిపిల్ల గమ్మీ తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగొద్దు, వెంటనే విష సమాచార కేంద్రం 1-844-764-7669కి ఫోన్ చేయండి. పిల్లల్లో గాఢనిద్ర, ఊపిరి మందగించడం దాకా వెళ్తుంది. పిల్ల లేవకపోయినా, ఊపిరి సరిగా ఆడకపోయినా నేరుగా 911.

ఏళ్లుగా రోజూ వాడేవాళ్లకి మళ్లీమళ్లీ వాంతులు వచ్చి, వేడినీళ్ల స్నానం చేస్తే మాత్రమే ఉపశమనం దొరుకుతుంటే అది గంజాయి వల్ల వచ్చే వాంతుల జబ్బు. పద్ధతి మార్చడం పరిష్కారం కాదు, మానేస్తేనే పోతుంది.

#17 మిసిసాగా_మామిడి

చాలా థాంక్స్ అందరికీ. చివరిగా ఒకటి. గమ్మీ వేసుకున్నాక అది ఎక్కేలోపు వేపరైజర్‌తో ఒకటి రెండు దమ్ములు తీసుకోవడం మామూలేనని కౌంటర్ దగ్గర చెప్పారు. పర్లేదా?

#18 ఫార్మసీ_కౌంటర్

కొత్తవాళ్లకి వద్దు. దమ్ము ప్రభావం అరగంటలో శిఖరానికి చేరి, దిగుతూ ఉండగా గమ్మీ ఎక్కడం మొదలవుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు ఇబ్బంది దేనివల్లో తేల్చలేరు, ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేరు, మర్నాడు మోతాదు దేన్ని తగ్గించాలో కూడా తెలియదు. ఒక రోజుకి ఒకే పద్ధతి. ప్యాకెట్ మీద పెన్నుతో తీసుకున్న టైము, మి.గ్రా. రాసి, మిగతాది తాళం పెట్టెలో పెట్టేయండి.

#19 వేడి_నియంత్రణ

ఎండు పువ్వు కూడా ఆ పెట్టెలోనే, బిగుతు మూత గాజు సీసాలో, 58 లేదా 62 శాతం తేమ ప్యాకెట్ వేసి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తేమ పట్టి బూజొస్తుంది. తెల్లటి దూదిలా ఏదైనా కనిపించినా, తడి గోనెసంచి వాసన వచ్చినా ఆ భాగం తీసి మిగతాది వాడటం కాదు, సీసా మొత్తం పారేయాలి. కీమోథెరపీలో ఉన్నవాళ్లకి ఆ బూజు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తేవచ్చు.